ఏది పని చేసిందో తేల్చే పనికి డబ్బివ్వండి: హైడ్రోజన్ పరిశోధన నిపుణులకు బహిరంగ లేఖ

నేషనల్ గ్రీన్ హైడ్రోజన్ మిషన్ కింద పరిశోధన ప్రతిపాదనలను పరిశీలించే పెద్దలకు,

నమస్కారం.

లోహ ఎంజైములు (లోహ పరమాణువుల సాయంతో రసాయన చర్య నడిపే ప్రోటీన్లు), వాటిని చూసి తయారుచేసే ఉత్ప్రేరకాలు, వాటిని ఎలక్ట్రోడ్ మీద పెట్టి కొలిచే పద్ధతులు మా రోజువారీ పని. ఆ పనిలోంచే ఈ లేఖ. అడిగేది ఒక్కటే: "మా ఉత్ప్రేరకం బ్రహ్మాండంగా పని చేస్తుంది" అని రాసిన ప్రతిపాదన మీ ముందుకు వచ్చినప్పుడు, పని చేసింది నిజంగా అదేనా అని తేల్చుకునే ఏర్పాటు అందులో ఉందో లేదో చూడండి. ఉంటే దానికి డబ్బివ్వండి. లేకపోతే పెట్టుకు రమ్మనండి.

ఇంగ్లిషులో ఒక మెయిల్ పంపితే పోయేదానికి తెలుగులో, అందరూ చూసేట్టు రాయడం దేనికంటే, పూడిమడక కోసం. అనకాపల్లి జిల్లాలోని ఆ తీరంలో ఎన్టీపీసీ గ్రీన్ ఎనర్జీ హబ్‌కు 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగింది. సుమారు 1,85,000 కోట్ల రూపాయల పెట్టుబడి, రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్ అన్నారు. కరెంటుతో నీటిని చీల్చి ఆ హైడ్రోజన్ తీసే ఎలక్ట్రొలైజర్ యంత్రాల్లో రేపు ఏ లోహం పూత ఉంటుందన్నది ఈ రోజు ల్యాబుల్లో కొలిచే అంకెల మీద ఆధారపడుతుంది. ఆ అంకెలు ఎలా పుడతాయో, ఎక్కడ తప్పుతాయో ఇక్కడి ఎమ్మెస్సీ విద్యార్థికీ తెలియాలి.

ముందు 100 మిల్లీవోల్టుల ఖరీదు చూడండి. కిలో హైడ్రోజన్ తీయాలంటే దాదాపు 26,600 ఆంపియర్-గంటల కరెంటు నడవాలి. ఇది ఫారడే లెక్క, ఏ ఉత్ప్రేరకమూ దీన్ని తగ్గించలేదు. ఉత్ప్రేరకం చేతిలో ఉన్నది వోల్టేజీ మాత్రమే. సిద్ధాంతం ప్రకారం 1.23 వోల్టులు చాలు. ఆ పైన పెట్టే ప్రతి 0.1 వోల్టుకూ కిలోకు 2.66 యూనిట్ల కరెంటు అదనంగా కాలుతుంది. మిషన్ లక్ష్యం 2030 నాటికి ఏడాదికి 50 లక్షల టన్నులు. గుణిస్తే ఏడాదికి 1,330 కోట్ల యూనిట్లు, కేవలం 0.1 వోల్టుకు! అందుకే ఒక పేపర్‌లో ఇరవై ముప్పై మిల్లీవోల్టులు అటూ ఇటూ అయితే ఏం కొంప మునిగిందిలే అనుకోవడానికి లేదు.

ఇక లోహం సంగతి. పీఈఎం ఎలక్ట్రొలైజర్లలో (ప్రోటాన్లను పోనిచ్చే పొరతో నడిచేవి) ఆక్సిజన్ వచ్చే వైపు ఇరిడియం కావాలి, ఆ ఆమ్ల వాతావరణంలో తట్టుకుని నిలిచేది అదే కాబట్టి. ఇప్పటి యంత్రాలకు మెగావాట్‌కు సుమారు 400 గ్రాములు పడుతుంది. ప్రపంచమంతా కలిపి ఏడాదికి తీసే ఇరిడియం ఏడెనిమిది టన్నులు, అదీ ఎక్కువగా దక్షిణాఫ్రికాలో ప్లాటినంతో పాటు ఉప ఉత్పత్తిగా. ఉదాహరణకు 60 గిగావాట్ల ఎలక్ట్రొలైజర్లు పీఈఎంతోనే కట్టాలంటే 24 టన్నులు కావాలి, అంటే మూడేళ్ల ప్రపంచ ఉత్పత్తి మొత్తం. "ప్లాటినంకు ప్రత్యామ్నాయం" అని ప్రతిపాదన రాగానే చప్పట్లు కొట్టే ముందు ఇది గుర్తుంచుకోవాలి. ఆమ్లంలో హైడ్రోజన్ వైపు ప్లాటినం ఎంత చురుగ్గా ఉంటుందంటే కొద్దిపాటి పూతతోనే పని జరిగిపోతుంది. గొంతు పట్టుకున్నది ఆక్సిజన్ వైపు ఇరిడియం.

ఎంజైములు ఇక్కడే ఆకర్షిస్తాయి. బురదలో బతికే బ్యాక్టీరియాలు ఇనుముతో, నికెల్‌తో హైడ్రోజన్ తీస్తాయి. అలా హైడ్రోజన్ తీసే ఎంజైమే హైడ్రోజినేస్. ఇనుము-ఇనుము హైడ్రోజినేస్ నిర్మాణం 1998, 1999ల్లో బయటపడింది. దాని గుండెలో రెండు ఇనుప పరమాణువులు, వాటిని పట్టుకుని కార్బన్ మోనాక్సైడ్, సైనైడ్. మనిషి ప్రాణం తీసే ఆ రెండూ అక్కడ ఇనుముకు కాపలా కాస్తుంటాయి. ఇనుములను కలిపే గంధకపు వంతెన నడిమధ్య ఒక నైట్రోజన్. ప్రోటాన్‌ను అందుకుని ఇనుముకు చేతికందించేది ఆ నైట్రోజనే. సెకనుకు 9,000 దాకా హైడ్రోజన్ అణువులు, అదనపు వోల్టేజీ దాదాపు సున్నా.

ఆ ఒక్క నైట్రోజన్ ఎంత ముఖ్యమో 2013లో తేలింది. ల్యాబ్‌లో తయారుచేసిన వేర్వేరు రకాల ఇనుప అణువులను ఖాళీ ప్రోటీన్‌లోకి ఎక్కించి చూశారు. వంతెనలో నైట్రోజన్ ఉన్న అణువు ఎక్కితే ఎంజైమ్ పూర్తి చురుకుదనంతో లేచింది. నైట్రోజన్ బదులు కార్బన్ ఉన్నది ఎక్కితే ఆ చురుకు రాలేదు. పైగా, ప్రోటీన్‌లో అంత చురుగ్గా పని చేసిన అణువే ఒంటరిగా ఫ్లాస్కులో ఉంటే మందకొడి. లోహం ఎంత ముఖ్యమో, దాని చుట్టూ ఉన్న ఇల్లూ అంత ముఖ్యం. రెండు ఇనుములు, రెండు గంధకాలు పక్కపక్కన పెట్టి "హైడ్రోజినేస్ నమూనా" అని పేరు పెట్టిన అణువులు కోకొల్లలు. వాటిలో చాలావాటిది పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్న కథే, ఎందుకంటే ప్రోటాన్ నడిచే దారి వాటిలో లేదు.

ఆ దారిని సరిగ్గా పట్టుకున్నది డేనియల్ డుబోయిస్ బృందం, అమెరికాలోని పసిఫిక్ నార్త్‌వెస్ట్ జాతీయ ల్యాబ్‌లో. నికెల్ చుట్టూ ఫాస్ఫరస్ బంధాలు కట్టి, పక్కనే ఒక అమీన్‌ను (ప్రోటాన్‌ను అందుకునే నైట్రోజన్ ఉన్న గుంపు) వేలాడదీశారు. 2011లో వాళ్ల అణువు సెకనుకు లక్షకు పైగా హైడ్రోజన్ అణువులను తీసింది. ఎంజైమ్‌ను పదింతలు మించింది! పత్రికలు రాసింది ఇంతవరకే. ఆ వేగానికి పెట్టిన అదనపు వోల్టేజీ దాదాపు 0.6 వోల్టులు, పైగా అది ఎసిటోనైట్రైల్ అనే సేంద్రియ ద్రావకంలో. పైన చెప్పిన లెక్కలో వేస్తే కిలోకు 16 యూనిట్లు దండగ. ఇది ఆ శాస్త్రవేత్తల లోపం కాదు, వాళ్లు రెండంకెలూ దాచకుండా ఇచ్చారు. వేగం ఒక్కటే చదివి వోల్టేజీని వదిలేసేవాళ్లతోనే చిక్కు. అందుకని మీ ఫారంలో "టర్నోవర్ (ఒక్కో అణువు ఎన్నిసార్లు పని చేసింది) ఎంత" అని అడిగే గడి ఉంటే, దాని పక్కనే "ఎంత ఓవర్‌పొటెన్షియల్ (అదనపు వోల్టేజీ) దగ్గర, ఏ ద్రావణంలో" అని అడిగే గడీ ఉండాలి.

మన దేశంలోనూ ఈ దారిలో గట్టి పని జరుగుతోంది. కోల్‌కతాలోని ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్ (ఐఏసీఎస్)లో అభిషేక్ డే బృందం ఆక్సిజన్ తగిలినా చావని హైడ్రోజినేస్ నమూనాల మీద, ఐఐటీ బొంబాయిలో అర్ణబ్ దత్తా బృందం అమైనో ఆమ్లాలు తగిలించిన కోబాల్ట్ అణువుల మీద పని చేస్తున్నారు. రెండూ ఎంజైమ్ ఆకారాన్ని కాకుండా దాని కిటుకును పట్టుకునే ప్రయత్నాలు.

అయితే ఎంజైమ్‌ను గానీ, దాని నకలును గానీ ఎలక్ట్రొలైజర్‌లో పెట్టి మూడేళ్లలో చూపిస్తామని ఎవరైనా రాస్తే నమ్మకండి. చిన్న లెక్కతో తేలిపోతుంది. హైడ్రోజినేస్ పెద్ద ప్రోటీన్. నున్నటి ఎలక్ట్రోడ్ మీద ఒక వరస పరిస్తే చదరపు సెంటీమీటరుకు పట్టేది కొన్ని పికోమోల్‌లు. అయిదు అనుకుందాం. అన్నీ బతికి, అన్నీ సెకనుకు 9,000 చొప్పున పని చేసినా వచ్చే కరెంటు 8.7 మిల్లీఆంపియర్లు. పీఈఎం యంత్రం అదే జాగాలో ఒకటి రెండు ఆంపియర్లు నడుపుతుంది.

చిన్న అణువులకైతే జాగా కాకుండా ఆయుష్షు అడ్డం. చదరపు సెంటీమీటరుకు 10 నానోమోల్‌ల ఉత్ప్రేరకం ఉందనుకోండి. ఒక ఆంపియర్ నడవాలంటే ప్రతి అణువూ సెకనుకు 518 సార్లు తిరగాలి. "మా ఉత్ప్రేరకం 10,000 టర్నోవర్లు తట్టుకుంది" అని గొప్పగా రాస్తారే, ఆ పదివేలూ 19 సెకన్లలో అయిపోతాయి. ఏడాది నడవాలంటే దాదాపు 1,600 కోట్ల టర్నోవర్లు కావాలి.

ప్రకృతి కూడా ఈ సమస్యను ఆయుష్షు పెంచి తీర్చుకోలేదు. ఆకులో నీటిని చీల్చే ఫోటోసిస్టమ్-2లో నాలుగు మాంగనీస్‌లు, ఒక కాల్షియం, అయిదు ఆక్సిజన్లు కలిసిన గుత్తి ఉంటుంది. 2011లో జపాన్ శాస్త్రవేత్తలు దాన్ని 1.9 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో చూపించారు. ఆ గుత్తిని మోసే డీ1 ప్రోటీన్ గట్టి ఎండలో అరగంటకే దెబ్బతింటుంది. ఆకు దాన్ని పీకేసి కొత్తది వేసుకుంటుంది. మన ఎలక్ట్రోడ్‌కు ఆ సౌకర్యం లేదు. దెబ్బతిన్న పొర తనను తాను మళ్లీ కట్టుకునే ఉత్ప్రేరకాలు, ఉదాహరణకు 2008లో కానన్, నోసెరా చూపిన కోబాల్ట్-ఫాస్ఫేట్ పొర, ఈ ఆలోచనకు దగ్గరగా వచ్చాయి.

కాబట్టి లోహ ఎంజైముల పనిని మీ పథకంలో ఎక్కడ పెట్టాలో అక్కడే పెట్టండి. 2024 మార్చి మార్గదర్శకాల్లో 15 ఏళ్ల దాకా గడువున్న బ్లూ స్కై (దీర్ఘకాలిక మూల పరిశోధన) విభాగం ఉంది కదా, ఇది అక్కడిది. అక్కడ కూర్చోబెట్టి "ప్లాటినం ఎప్పుడు మానేస్తాం" అని అడిగితే పరిశోధకుడు అబద్ధం రాయక తప్పని పరిస్థితి వస్తుంది. ప్రోటాన్ దారి ఏ కోణంలో, ఎంత దూరంలో ఉంటే వోల్టేజీ ఎంత తగ్గింది, ఆక్సిజన్ తగిలినప్పుడు ముందు తెగేది ఏ బంధం అని అడగండి. జవాబులు వస్తాయి. ఆక్సిజన్‌ను తట్టుకునే కొన్ని నికెల్-ఇనుము హైడ్రోజినేస్‌లలో ఒక ఇనుము-గంధకం గుత్తి మామూలు నాలుగు గంధకాలకు బదులు మూడింటితో ఉంటుందని 2011లో తెలిసింది ఇలాంటి ప్రశ్నల వల్లే.

ఇప్పుడు ఫ్లాస్కులోకి వద్దాం. వాపును చూసి బలుపనుకునే చోట్లు ఇక్కడే ఎక్కువ.

అన్నిటికన్నా పాత పాపం ప్లాటినం తీగ. ఆమ్లంలో కొత్త ఉత్ప్రేరకాన్ని పరీక్షిస్తూ, ఎదురుగా ప్లాటినం తీగను కౌంటర్ ఎలక్ట్రోడ్‌గా పెడతారు. హైడ్రోజన్ ఒకవైపు వస్తుంటే తీగ వైపు ఆక్సిడేషన్ జరగాలి. ఆ క్రమంలో ప్లాటినం పిసరంత కరిగి, ద్రావణంలో ఈది, వచ్చి మన ఉత్ప్రేరకం మీదే కూర్చుంటుంది. ఆ తర్వాత కొలిచేది ఆ ప్లాటినాన్నే. దీని గుర్తు చాలా అందంగా ఉంటుంది: వెయ్యి సైకిళ్ల తర్వాత పనితనం తగ్గకపోగా పెరుగుతుంది! పేపర్‌లో దానికి "యాక్టివేషన్" అని పేరు పెడతారు. మందు సులువు. గ్రాఫైట్ కడ్డీ వాడాలి, దాన్ని ఫ్రిట్ (సన్న రంధ్రాల అడ్డు పలక) లేదా పొర వెనక వేరే గదిలో ఉంచాలి, పరీక్షయ్యాక ఎలక్ట్రోడ్‌ను ఎక్స్‌పీఎస్‌లో (పైపొరలో ఏ మూలకాలున్నాయో చూపే ఎక్స్-రే పరీక్ష) చూడాలి, ద్రావణాన్ని ఐసీపీ-ఎంఎస్‌కు (ఆనవాలు పాటి లోహాలను కూడా కొలిచే పరికరం) పంపాలి.

క్షారంలో దొంగ వేరు, అది ఇనుము. నికెల్ ఆక్సైడ్ ఆక్సిజన్‌ను బాగా తీస్తుందని ఏళ్ల తరబడి నమ్మారు. ద్రావణంలోని ఇనుప మలినమే ఆ పని చేయిస్తోందని 1987లోనే డెన్నిస్ కొరిగన్ చూపించాడు. 2014లో ఒరెగాన్ విశ్వవిద్యాలయంలోని బోట్చర్ బృందం ఇంకా గట్టిగా చూపింది: ఇనుము పూర్తిగా తీసేస్తే నికెల్ ఆక్సీహైడ్రాక్సైడ్ చాలా పేలవమైన ఉత్ప్రేరకం. సీసాలో కొన్న పొటాషియం హైడ్రాక్సైడ్‌లో ఉండే ఆనవాలు పాటి ఇనుమే చాలు, నికెల్ దాన్ని అయస్కాంతంలా లాక్కుంటుంది. ఇలాంటి ద్రావణంలో కోబాల్ట్‌నో, వెనేడియంనో కలిపిన నికెల్‌ను కొలిచి, మెరుగంతా ఆ కోబాల్ట్ ఖాతాలో వేస్తే అది కథే.

శుద్ధి చేయడం కష్టమేమీ కాదు. గంధకామ్లంతో కడిగిన 50 మి.లీ. పాలీప్రొపిలీన్ సెంట్రిఫ్యూజ్ గొట్టంలో 99.999 శాతం శుద్ధి గల నికెల్ నైట్రేట్ సుమారు 2 గ్రాములు వేసి, 4 మి.లీ. అతిశుద్ధ నీటిలో కరిగించాలి. 20 మి.లీ. 1 మోలార్ పొటాషియం హైడ్రాక్సైడ్ పోస్తే లేత ఆకుపచ్చ నికెల్ హైడ్రాక్సైడ్ విరిగి కిందికి దిగుతుంది. సెంట్రిఫ్యూజ్ తిప్పి పైన తేరిన ద్రవాన్ని వంపేయాలి. 20 మి.లీ. నీరు, 2 మి.లీ. క్షారం కలిపి మూడుసార్లు కడగాలి. ఆ తర్వాత శుద్ధి చేయాల్సిన క్షారాన్ని 50 మి.లీ. పోసి, కనీసం పది నిమిషాలు ఊపి, మూడు గంటలు కదపకుండా ఉంచాలి. ఇనుమంతా ఆ ముద్దకు అంటుకుపోతుంది. మళ్లీ తిప్పి, పైద్రావణాన్ని ప్లాస్టిక్ సీసాలోకి తీసుకోవాలి. గాజు సీసాలో పోశారో, చేసిందంతా వృథా. క్షారం గాజును తింటుంది, గాజులోని ఇనుము మళ్లీ ద్రావణంలోకి దిగుతుంది. పరీక్ష సెల్ కూడా టెఫ్లాన్‌దో, పాలీప్రొపిలీన్‌దో ఉండాలి.

మూడో చోటు అణువుల దగ్గర. అందమైన రంగుతో, ఎక్స్-రే నిర్మాణంతో సహా ఉన్న కోబాల్ట్ అణువు ఎలక్ట్రోడ్ దగ్గరికి రాగానే విచ్చిపోయి ఆక్సైడ్ పొరగా పేరుకోవచ్చు. కరెంటు ఇచ్చేది ఆ పొర, పేరు అణువుది. 2010లో టంగ్‌స్టన్-ఫాస్ఫరస్ చట్రంలో నాలుగు కోబాల్ట్‌లున్న ఒక అణువు నీటిని చీల్చే ఉత్ప్రేరకంగా పేరు తెచ్చుకుంది. 2011లో కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ ఫింకే బృందం ఎలక్ట్రోడ్ మీద వోల్టేజీ పెట్టి చూస్తే, ఆ పరిస్థితుల్లో పని చేస్తున్నది అణువులోంచి జారిన కోబాల్ట్ కట్టిన ఆక్సైడ్ పొర. పరిస్థితులు మారితే జవాబు కూడా మారవచ్చు. అందుకే ఎవరి పరిస్థితుల్లో వాళ్లు తేల్చుకోవాలి.

కనీస పరీక్షకు పది నిమిషాలు పట్టదు. ప్రయోగం తర్వాత ఎలక్ట్రోడ్‌ను బయటకు తీసి, శుభ్రమైన నీటితో కడిగి, ఉత్ప్రేరకం లేని తాజా ద్రావణంలో ముంచి మళ్లీ వోల్టేజీ పెట్టాలి. కరెంటు అలాగే వస్తే ఏదో అంటుకుందన్నమాట. రాకపోతే? అణువే పని చేసిందని వెంటనే తీర్మానించకూడదు, వోల్టేజీ ఉన్నంతసేపే నిలిచి, తీయగానే కరిగిపోయే పొరలూ ఉంటాయి. అందుకని క్వార్ట్జ్ క్రిస్టల్ మైక్రోబ్యాలెన్స్ మీద, కరెంటు నడుస్తుండగానే బరువు చూడాలి.

కరెంటు వచ్చిందంటే వాయువు వచ్చినట్టు కాదు. ఆక్సిజన్ తీసే వోల్టేజీలో కార్బన్ కాగితం తానే కాలి కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. ఆ కరెంటునూ ఆక్సిజన్ ఖాతాలో రాసేస్తారు. వాయువును గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లో కొలవాలి. హైడ్రోజన్‌కు ఆర్గాన్ క్యారియర్‌తో థర్మల్ కండక్టివిటీ డిటెక్టర్ వాడాలి. హీలియం వాడితే రెండింటి ఉష్ణవాహకత దగ్గరగా ఉండి హైడ్రోజన్ సరిగ్గా కనబడదు. ఆక్సిజన్ కొలిచేటప్పుడు పక్కనే నైట్రోజన్ శిఖరం కూడా చూపించమనండి. సెల్‌లోకి గాలి దూరితే ఆక్సిజన్‌తో పాటు దాదాపు నాలుగింతల నైట్రోజన్ కూడా దూరుతుంది, దాన్నిబట్టి దొంగ ఆక్సిజన్ ఎంతో తీసేయవచ్చు.

వోల్టేజీని దేనితో పోల్చి కొలుస్తామో ఆ రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ గురించి ఎవరూ మాట్లాడరు. గాఢ క్షారంలో సిల్వర్-సిల్వర్ క్లోరైడ్ ఎలక్ట్రోడ్ పెడితే దాని ఫ్రిట్ పాడై, విలువ జారుతూ పోతుంది. మెర్క్యురీ-మెర్క్యూరిక్ ఆక్సైడ్ వాడాలి. అదీ పుస్తకంలోని 0.098 వోల్టు వేసుకుని ఊరుకోకుండా, అదే ద్రావణంలో హైడ్రోజన్ బుడగలు వదులుతూ ప్లాటినంతో సరిచూడాలి. 20 మిల్లీవోల్టుల మెరుగు చూపించే పేపర్‌లో రిఫరెన్సే 20 జారితే ఇక మిగిలేదేముంది? ద్రావణ నిరోధానికి చేసే సవరణ దీనికంటే ప్రమాదం. 10 ఓమ్‌ల నిరోధం మీద 100 మిల్లీఆంపియర్లు నడిస్తే ఒక వోల్టు తేడా వస్తుంది. సవరణలో పది శాతం ఎక్కువ వేసుకుంటే చాలు, 100 మిల్లీవోల్టులు ఊరికే వచ్చిపడతాయి. సవరించని వక్రరేఖను కూడా అడగండి.

హైడ్రోజన్‌తో తయారయ్యే అమ్మోనియా విషయంలో ఇంకా కఠినంగా ఉండాలి. నైట్రోజినేస్ అనే ఎంజైమ్ గాలిలోని నైట్రోజన్‌ను మామూలు వేడిలో, మామూలు పీడనంలో అమ్మోనియా చేస్తుంది. పప్పుజాతి మొక్కల వేరు బుడిపెల్లో రైజోబియం చేసేది అదే. దాని గుత్తిలో ఒక మాలిబ్డినం, ఏడు ఇనుములు, తొమ్మిది గంధకాలు, మధ్యలో ఒక కార్బన్ ఉంటాయి. ఆ కార్బన్ ఉందని 2011లో గానీ తేలలేదు. హైడ్రోజన్, నైట్రోజన్ కలిపి అమ్మోనియా చేసే హేబర్-బాష్ ఫ్యాక్టరీకి 400 నుంచి 500 డిగ్రీలు, వందకు పైగా వాతావరణ పీడనాలు కావాలి కాబట్టి, ఎంజైమ్ దారి చౌక అనిపిస్తుంది. కానీ అది ఒక్కో నైట్రోజన్ అణువుకు 16 ఏటీపీలు (కణంలో శక్తిని అందించే అణువులు) ఖర్చు చేస్తుంది, రెండు ఎలక్ట్రాన్లను హైడ్రోజన్‌గా వదిలేసుకుంటుంది. మామూలు వేడి అంటే ఉచితమని కాదు.

దీన్ని చూసి "నీళ్లలో, గది ఉష్ణోగ్రతలో, కరెంటుతో అమ్మోనియా" అని వచ్చే ప్రతిపాదనల్లో వచ్చిన అమ్మోనియా ఎంతో చూడండి. గంటకు కొన్ని మైక్రోగ్రాములు. 50 మి.లీ. ద్రావణంలో ఒక మైక్రోమోలార్ అమ్మోనియా అంటే 0.85 మైక్రోగ్రాము. అంతమాత్రం గది గాలి ఇస్తుంది, చేతి గ్లోవ్స్ ఇస్తాయి, పరిశోధకుడి ఊపిరి ఇస్తుంది. సెల్‌లో రెండు గదులను విడదీసే నఫియాన్ పొర అయితే పాత ప్రయోగంలోని అమ్మోనియాను దాచుకుని కొత్త ప్రయోగంలో వదులుతుంది. సిలిండర్‌లోని నైట్రోజన్‌లో నైట్రోజన్ ఆక్సైడ్లుంటే అవి చాలా తేలిగ్గా అమ్మోనియా అవుతాయి.

2019లో డెన్మార్క్, స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు కలిసి ఒక కఠిన పద్ధతి ప్రకటించారు. దాని సారం ఇది. అదే వోల్టేజీ, అంతే సమయం, నైట్రోజన్ బదులు ఆర్గాన్‌తో ఒకసారి చేయాలి. నైట్రోజన్ వదిలి వోల్టేజీ పెట్టకుండా ఒకసారి చేయాలి. చివరగా నైట్రోజన్-15 (కాస్త బరువైన నైట్రోజన్ ఐసోటోపు) వాయువుతో చేసి ఎన్ఎంఆర్‌లో (అయస్కాంత క్షేత్రంలో అణువులను గుర్తించే పరికరం) చూడాలి. మామూలు అమ్మోనియం మూడు గీతలుగా, సుమారు 52 హెర్ట్జ్ ఎడంతో కనిపిస్తుంది. నైట్రోజన్-15ది రెండు గీతలే, 73 హెర్ట్జ్ ఎడం. రెండు గీతలు కనబడితే చాలదు, మామూలు వాయువుతో ఎంత వచ్చిందో దీనితోనూ అంతే రావాలి. ఇంకో మెలిక కూడా ఉంది: కొనుక్కొచ్చిన నైట్రోజన్-15 సిలిండర్‌లోనే నైట్రోజన్-15 అమ్మోనియా, నైట్రేట్ మలినాలు ఉంటాయని 2014లో చూపించారు. కాబట్టి ఆ వాయువునూ ముందు కడిగి వదలాలి. ఇవన్నీ దాటి నిలిచింది లిథియంతో చేసే పద్ధతి. దానికి లిథియంను లోహంగా తేవాలి, అంటే మూడు వోల్టులు. కరెంటు బిల్లు ఊహించుకోండి. కాకినాడలోనైనా ఇంకెక్కడైనా, సమీప భవిష్యత్తులో గ్రీన్ అమ్మోనియా అంటే గ్రీన్ హైడ్రోజన్‌ను పాత హేబర్-బాష్‌కు పెట్టడమే.

యంత్రానికి దగ్గరగా ఉండే ప్రతిపాదనలకు వేరే కొలబద్ద కావాలి. పేపర్లలో అందరూ రాసే చదరపు సెంటీమీటరుకు 10 మిల్లీఆంపియర్లన్న గీటురాయి ఎండ నేరుగా పడే కృత్రిమ ఆకు లెక్కల్లోంచి వచ్చింది. ఎలక్ట్రొలైజర్‌కు దానితో సంబంధం లేదు. ల్యాబ్‌లో 1 మోలార్ క్షారం, అంటే సుమారు 5 శాతం, 25 డిగ్రీలు. ఫ్యాక్టరీలో 25 నుంచి 30 శాతం, 70 నుంచి 90 డిగ్రీలు. ల్యాబ్‌లో నెల నిలిచిన పూత అక్కడ సాయంత్రానికి ఊడొచ్చు. ఇంకో చోద్యం, క్షారంలో "ప్లాటినంను మించింది" అని రాయడం. క్షారంతో నడిచే ఆల్కలైన్ ప్లాంట్లలో క్యాథోడ్ (హైడ్రోజన్ వచ్చే ఎలక్ట్రోడ్) మీద వాడేది ఎక్కువగా నికెల్, రేనీ నికెల్ (సన్న రంధ్రాలున్న నికెల్) పూతలు. పోటీ వాటితో పెట్టాలి.

సూర్యుడితో నడిపే యంత్రం రోజూ ఆగుతుంది, రోజూ లేస్తుంది. కరెంటు ఆగగానే సెల్‌లో మిగిలిన హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి ఫ్యూయల్ సెల్‌లా వెనక్కి కరెంటు నడుపుతాయి. అన్ని సెల్‌లకూ ఉమ్మడిగా ఉన్న క్షారపు కాలువలు దానికి దారి. ఆ ఎదురు కరెంటులో క్యాథోడ్ మీది నికెల్ ఆక్సీకరణం చెందుతుంది, పూత వదులవుతుంది. నిరాటంకంగా 500 గంటలు నడిపిన గ్రాఫ్ ఈ జబ్బును చూపదు. 30 శాతం క్షారం, 80 డిగ్రీలు, చదరపు సెంటీమీటరుకు అర ఆంపియర్, రోజూ ఆపి మళ్లీ మొదలుపెట్టడం: ఈ షరతు మీద, వేర్వేరుగా తయారుచేసిన కనీసం మూడు ఎలక్ట్రోడ్ల ఫలితాలు అడగండి.

చివరగా డబ్బు. మిషన్ మొత్తం 19,744 కోట్లలో పరిశోధనకు కేటాయించింది 400 కోట్లు, అంటే రెండు శాతం. చిన్న మొత్తమే, అందుకే ఎక్కడ పెడతామన్నది ముఖ్యం. గ్లోవ్ బాక్స్ (గాలి తగలకుండా పని చేసే మూసిన పెట్టె) కొనడానికి డబ్బిచ్చి, ఆర్గాన్ సిలిండర్లకు, అందులో ఆక్సిజన్‌ను పీల్చుకునే రాగి బెడ్‌ను పునరుద్ధరించే హైడ్రోజన్ మిశ్రమానికి ఇవ్వకపోతే ఆరు నెలల్లో అది ఖరీదైన అద్దాల బీరువా అవుతుంది. లోపల ఆక్సిజన్ పెరిగితే చాలా హైడ్రోజినేస్‌ల పని అక్కడితో ఆగిపోయినట్టే. పరికరాల పద్దు కింద ఇచ్చేదాన్ని కొంత తగ్గించి, ఏటా వచ్చే ఖర్చుల పద్దులో ఐసీపీ-ఎంఎస్ నమూనాల రుసుము, నైట్రోజన్-15 వాయువు, క్యాలిబ్రేషన్ గ్యాస్, అతిశుద్ధ లవణాలు పేరు పేరునా చూపించమనండి. చూపించని ప్రతిపాదన ఆ పరీక్షలు చేయదని ముందే తెలిసిపోతుంది.

"అణువు కాదు, దానిలోంచి జారిన కోబాల్టే పని చేసింది" అని తేల్చిన ప్రాజెక్టును విఫలమైనదిగా మూసేయకండి. పని పూర్తయినట్టు రాసి, ముడి డేటాతో సహా బయట పెట్టించండి. అది తెలియక అదే అణువు మీద ఇంకో విశ్వవిద్యాలయం మళ్లీ అయిదేళ్లు ఖర్చు పెట్టకుండా ఉంటుంది.

ఇట్లు,
ఎలక్ట్రోకెమిస్ట్రీ, బయోఇనార్గానిక్ కెమిస్ట్రీలలో పని చేస్తున్న కొందరు